నడుముకు పిస్తోలు ఉండగా పబ్లిక్ రెస్ట్‌రూమ్‌కు వెళ్ళవలసి వస్తే దానిని ఎలా చూసుకోవాలి?

గోదారి_డాలస్:

అందరికీ నమస్కారం. నేను డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక చిన్న ఊళ్ళో గ్యాస్ స్టేషన్ నడుపుతున్నాను. మూడేళ్ళ క్రితం, రాత్రి దుకాణం కట్టేసే వేళకు ఇద్దరు వచ్చి నన్ను బెదిరించి గల్లాపెట్టె ఖాళీ చేసుకుని పోయారు. ఆ తరువాతే పిస్తోలు కొన్నాను. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్ళు నిండి చట్టప్రకారం తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవారు లైసెన్సు లేకుండానే దానిని వెంట తీసుకువెళ్ళవచ్చు. అయినా పద్ధతిగా నేర్చుకోవాలన్న ఉద్దేశంతో తరగతికి వెళ్ళి లైసెన్సు తీసుకున్నాను. అక్కడ చట్టం చెప్పారు, గురి పరీక్షించారు. రోజుకు రెండుసార్లైనా ఎదురయ్యే ఈ విషయం గురించి మాత్రం ఒక్క మాట కూడా చెప్పలేదు, నాకూ అడగాలని తోచలేదు.

పోయిన నెల మా మేనల్లుడిని వెంటబెట్టుకుని ఐ-45 మీదుగా హ్యూస్టన్ వెళ్తూ దారిలో ఒక రెస్ట్ ఏరియా దగ్గర ఆగాను. లోపలికి వెళ్ళి బెల్టు వదులు చేయగానే, ప్యాంటు లోపలివైపు తగిలించుకున్న గుడ్డ హోల్‌స్టర్ (పిస్తోలు ఉంచే ఒర) బరువుకు పక్కకు ఒరిగింది, పిస్తోలు అందులోంచి జారి నేలమీద పడింది. పట్టుకోబోయాను గాని అందలేదు. నున్నటి టైల్స్ మీద అది తిరుగుతూ వెళ్ళి, పక్క గదికీ నా గదికీ మధ్య ఉన్న పలక కింద ఆగింది. అవతలివైపు ఒక చిన్నపిల్లవాడి బూట్లు కనిపించాయి. నేను వంగి దానిని లాక్కున్నాను. ఆ పిల్లవాడు చూశాడో లేదో నాకు తెలియదు. ఎవరూ ఏమీ అనలేదు. కాని ఆ బూట్లు ఇప్పటికీ నా కళ్ళముందే ఉన్నాయి.

అప్పటినుంచి ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. తలుపు వెనక కొక్కేనికి తగిలించమని ఒకరు, ఫ్లష్ ట్యాంకు మీద పెట్టుకోమని ఇంకొకరు, అసలు కారులోనే వదిలి దిగమని మరొకరు అంటున్నారు. మా మేనల్లుడు ఇక్కడ ఎం.ఎస్. చదువుతున్నాడు, ఎఫ్-1 వీసా మీద ఉన్నాడు. ప్రయాణంలో వాడు వెంట ఉన్నప్పుడు రెండు నిమిషాలు వాడి చేతికి ఇచ్చి వెళ్ళడం మంచిదేనా అని కూడా ఆలోచిస్తున్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

హ్యూస్టన్_శిక్షకుడు:

గోదారి గారూ, జరిగినది దాచుకోకుండా చెప్పినందుకు కృతజ్ఞతలు. నేను ఇక్కడ వారాంతాల్లో కొత్తవారికి పిస్తోలు వాడకం నేర్పుతుంటాను. మీరు అడిగినది నేను కూడా మొదటి కొన్నేళ్ళు తరగతిలో చెప్పేవాడిని కాదు, అది నా తప్పే.

ముందు మీ హోల్‌స్టర్ సంగతి. మెత్తటి గుడ్డ హోల్‌స్టర్ మీ బెల్టు బిగువు మీద ఆధారపడి పిస్తోలును పట్టి ఉంచుతుంది, తనంతట తానుగా పట్టదు. బెల్టు వదలగానే దాని పట్టు పోయింది. కైడెక్స్ వంటి గట్టి పదార్థంతో మీ పిస్తోలు నమూనాకే సరిపోయేటట్టు అచ్చుపోసిన హోల్‌స్టర్ తీసుకోండి. ఇంట్లో తూటాలన్నీ తీసేసి, చాంబర్ (పేలబోయే తూటా ఉండే అర) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకుని, పిస్తోలును అందులో పెట్టి తలకిందులుగా పట్టుకుని ఊపండి. జారితే ఆ హోల్‌స్టర్ మీ నడుముకు పనికిరాదు. క్లిప్పు కూడా ప్యాంటు అంచును మాత్రమే కాక బెల్టును పట్టుకునేదై ఉండాలి.

ఇక అసలు సూత్రం ఒక్కటే. పిస్తోలు హోల్‌స్టర్‌లోనే ఉండాలి, హోల్‌స్టర్ మీ ఒంటిమీద ఉన్న బట్టలకే ఉండాలి. రెస్ట్‌రూమ్‌లో దానిని బయటికి తీయవలసిన అవసరం ఏ దశలోనూ లేదు. కొక్కేనికి ట్రిగ్గర్ గార్డుతో, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీతో, తగిలించడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా, ఎందుకంటే తగిలించేటప్పుడో తీసేటప్పుడో ఆ కొక్కెం గాని మీ వేలు గాని ట్రిగ్గర్ మీదికి వెళ్ళే వీలుంది; పైగా తలుపు మీదనుంచి చెయ్యి చాపినవాడికి అది అందుతుంది. ట్యాంకు మీద, కాగితపు చుట్ట పెట్టె మీద పెట్టడంలో ఉన్న ప్రమాదం వేరు. అది మరచిపోవడం.

మరచిపోవడం అజాగ్రత్తపరులకే జరుగుతుందని అనుకోకండి. 2015లో వాషింగ్టన్‌లోని కాపిటల్ (అమెరికా పార్లమెంటు) భవన సముదాయంలో, నాయకుల రక్షణ బాధ్యతలో ఉన్న పోలీసు అధికారులే గ్లాక్ పిస్తోళ్ళను మరుగుదొడ్లలో వదిలి వెళ్ళారు. జనవరిలో ఒకటి సందర్శకుల కేంద్రంలో, టాయిలెట్ సీటు మీద పరిచే కాగితాల పెట్టెలో దూర్చి ఉండగా దొరికింది. మార్చిలో ఇంకొకటి స్పీకర్ కార్యాలయాల వైపు ఉన్న మరుగుదొడ్డిలో ఏడెనిమిదేళ్ళ పిల్లవాడికి కనిపించింది. గ్లాక్‌కు విడిగా వేలితో నొక్కే సేఫ్టీ మీట ఉండదన్నది మీకు తెలిసిందే. 2018 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని డీర్‌ఫీల్డ్ బీచ్ పియర్ దగ్గర ఒక ఉపాధ్యాయుడు రెస్ట్‌రూమ్‌లో వదిలిన పిస్తోలు, ఆయన తిరిగి వచ్చేలోపు తాగి ఉన్న మరొకరి చేతికి చిక్కింది. అతను దానిని గోడకేసి కాల్చాడు. ఎవరికీ తగలకపోవడం అదృష్టం. ఆయుధం ఒంటినుంచి విడిపోయిన క్షణం నుంచి దాని రక్షణ అంతా మీ జ్ఞాపకశక్తి మీదే ఆధారపడుతుంది.

కూర్చోవలసి వచ్చినప్పుడు నేను చేసేది చెబుతాను. బకిల్ తీసేముందే ఒక చేత్తో హోల్‌స్టర్‌ను, దానిని మోస్తున్న బెల్టును కలిపి గట్టిగా పట్టుకుంటాను. రెండో చేత్తో బకిల్ వదిలి, పట్టు విడవకుండా ప్యాంటును మోకాళ్ళ వరకే దించుతాను. కూర్చున్నాక మోకాళ్ళను కొంచెం ఎడంగా పెడితే నడుము పట్టీ బిగుసుకుంటుంది, అప్పుడు బెల్టును అక్కడే మళ్ళీ బకిల్ పెడతాను. చాలామంది చేసే పొరపాటు ప్యాంటును మడమల దాకా జారవిడవడం. ఈ దేశపు మరుగుదొడ్ల మధ్య పలకలు నేలకు దాదాపు అడుగు ఎత్తులోనే ఆగిపోతాయి గదా, మీరే చూశారు. అలా జారితే హోల్‌స్టర్ నేలమీద అడ్డంగా పడుకుంటుంది, గొట్టం మూతి పక్క గదిలోని మనిషి కాళ్ళవైపు తిరుగుతుంది, పిడి అందరికీ కనిపిస్తుంది. మోకాళ్ళ దగ్గరే ఉంచితే మూతి కిందికి చూస్తుంది, చొక్కా అంచునో ప్యాంటు అంచునో పిడి మీద కప్పితే కనిపించదు. లేచేటప్పుడు కూడా ఇదే పద్ధతి. హోల్‌స్టర్‌ను పట్టుకున్న తరువాతే బకిల్ వదలాలి.

మూత్రశాల దగ్గర నిలబడి పని ముగించుకునేవారు బెల్టు జోలికే వెళ్ళనక్కరలేదు, జిప్పు చాలు. బెల్టు విప్పే అలవాటు ఉంటే తలుపు ఉన్న గదిలోకి వెళ్ళండి. ఒకరే వాడుకునే ఫ్యామిలీ రెస్ట్‌రూమ్ ఉంటే అదే మేలు. వికలాంగుల కోసం కేటాయించిన విశాలమైన గదిని మాత్రం దీనికోసం ఆక్రమించవద్దు.

మీరు రాసినదానిలో నన్ను అన్నిటికన్నా భయపెట్టిన వాక్యం పిస్తోలు పడిందన్నది కాదు, పట్టుకోబోయానన్నది. పడుతున్న పిస్తోలును ఎప్పుడూ పట్టుకోవద్దు. ఇప్పటి మంచి పిస్తోళ్ళలో ట్రిగ్గర్ నొక్కితే తప్ప ఫైరింగ్ పిన్ (తూటాను పేల్చే సూది) కదలకుండా అడ్డుకునే అమరిక ఉంటుంది. నేలకు తగిలి పేలే అవకాశం కన్నా, గాలిలో తడుముకునే వేళ్ళు ట్రిగ్గర్‌లోకి దూరే అవకాశమే ఎక్కువ. పడనివ్వండి, ఆగనివ్వండి, అప్పుడు తీసుకోండి. తాతల కాలపు సింగిల్ యాక్షన్ రివాల్వర్లకు (కాల్చేముందు ప్రతిసారీ వెనక సుత్తిని బొటనవేలితో లాగవలసినవి) ఈ భరోసా లేదు, అవి నడుముకు పెట్టుకుని తిరగడానికి తగినవి కావు. 2014లో యూటాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో సిబ్బంది మరుగుదొడ్డిలో ఒక ఉపాధ్యాయురాలి పిస్తోలు పొరపాటున పేలింది. టాయిలెట్ పింగాణీ పగిలి ఆ ముక్కలు ఆమె కాలిలో గుచ్చుకున్నాయి. ఇరుకు గదిలో తూటా ఎటు వెళ్ళినా గట్టి ఉపరితలానికే తగులుతుంది.

ఎఫ్-1_నుంచి_గ్రీన్‌కార్డ్:

మేనల్లుడి సంగతి ఒక్కటే చెబుతాను, ఎందుకంటే అది ఇక్కడి తెలుగు ఇళ్ళలో ఎవరికైనా జరగవచ్చు. దయచేసి ఆ పని ఎన్నడూ చేయకండి.

నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు, అంటే మన ఎఫ్-1 విద్యార్థులు, హెచ్-1బి ఉద్యోగులు, చూడడానికి వచ్చిన అమ్మానాన్నలు, తుపాకీని గాని ఒక్క తూటాను గాని తమ అధీనంలో ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప వేరే దారి లేదు. టెక్సాస్ చట్టం ఎంత సడలినా ఈ నిషేధం సడలదు. 2022లో చేసిన చట్టంతో దీనికి గరిష్ఠ శిక్ష 10 ఏళ్ళనుంచి 15 ఏళ్ళకు పెరిగింది, తెలిసీ అటువంటివారికి ఆయుధం అందించినవారికి కూడా అంతే. పైగా తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించివేయడానికి అదొక్కటే చాలు. 2019లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన రెహైఫ్ కేసు చదవండి. విద్యార్థి వీసా మీద వచ్చి, చదువు ఆగిపోయి, ఆ హోదా పోయిన ఒక యువకుడు షూటింగ్ రేంజికి వెళ్ళి తుపాకీ కాల్చాడు, దానికే అతని మీద ఫెడరల్ కేసు నడిచింది. తన హోదా పోయిందని అతనికి తెలుసునని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు అన్నది నిజమే గాని, అంతవరకు వెళ్ళడానికి ఆ మనిషి పడిన పాట్లు ఏ పిల్లవాడికీ వద్దు.

రెండు నిమిషాలు పట్టుకోరా అని మేనమామ అంటే మన పిల్లలు ఎదురు చెప్పరు. ఆ వయసులో నేనూ చెప్పేవాడిని కాదు. అందుకే ఆ మాట మన నోటినుంచే రాకూడదు. కారులో వదలవలసి వచ్చినా సీటుకింద వదలకండి, సీటుకు తీగతో బిగించిన ఇనుప పెట్టెలో తాళం వేసి, ఆ తాళంచెవి మీ జేబులోనే ఉంచుకోండి.

కూకట్‌పల్లి_ఆస్టిన్:

అన్నయ్య గారూ, ఇంతవరకు రాసినవారందరూ ప్యాంటు, బెల్టు వేసుకునేవారిని దృష్టిలో పెట్టుకుని రాశారు. మీ ప్రశ్న చదివే ఆడవాళ్ళ కోసం నా అనుభవం కూడా చేరుస్తున్నాను.

నేను రాత్రి షిఫ్టుల్లో పనిచేస్తాను, పార్కింగ్ స్థలంలో చాలా దూరం ఒంటరిగా నడవాలి. మొదట్లో పిస్తోలును హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకునేదాన్ని. దానికోసమే ప్రత్యేకమైన అర ఉన్న సంచీ కొనుక్కుని, ఇక చింత లేదనుకున్నాను. మా పాపకు రెండేళ్ళు వచ్చాక ఒకరోజు షాపింగ్ మాల్‌లో రెస్ట్‌రూమ్‌కు వెళ్ళాను. పాపను బయట వదలలేం గనుక లోపలికే తీసుకువెళ్ళాను, సంచీని తలుపు కొక్కేనికి తగిలించాను. నేను లేవలేని స్థితిలో ఉండగా పాప సంచీ పట్టీని పట్టుకుని ఊగుతూ జిప్పు లాగడం మొదలుపెట్టింది. ఆ గది వెడల్పు ఎంత ఉంటుంది, అయినా నా చెయ్యి అందేలోపు నాకు యుగం గడిచినట్టయింది. 2014 డిసెంబరు 30న ఐడహోలోని హేడెన్ ఊళ్ళో ఒక తల్లి ప్రాణం అలాగే పోయింది. దుకాణంలో బండిలో కూర్చున్న ఆమె రెండేళ్ళ కొడుకు, పిస్తోలు కోసమే కుట్టిన అర ఉన్న ఆమె సంచీ జిప్పు తీసి, దొరికినదానిని నొక్కాడు. ఆ వార్త నాకు అంతకుముందే తెలుసు. తెలిసి కూడా సంచీ మార్చలేదు, అదే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆ మరునాటినుంచి సంచీలో పెట్టడం మానేశాను. చుడీదారుకు బొందే ఆధారం, అరకిలో పైన బరువున్న వస్తువును బొందు మోయదు. నేను ఇప్పుడు పొట్ట చుట్టూ కట్టుకునే వెడల్పాటి సాగే పట్టీ వాడుతున్నాను, అందులో ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి తొడుగు ఉంటుంది. తొడుగు లేని ఉత్త సాగే పట్టీ వద్దు, గుడ్డమీదనుంచే ట్రిగ్గర్ నొక్కుకుపోవచ్చు. దీనితో నాకు కలిగిన మేలు ఏమిటంటే, కింది బట్టలు దించినా పిస్తోలు నడుముపైనే కదలకుండా ఉంటుంది, కుర్తా దానిని కప్పే ఉంటుంది, దానిని ముట్టుకోవలసిన పనే రాదు. రెస్ట్‌రూమ్ సమస్యకు ఇది మగవారికి కూడా మంచి పరిష్కారమేనని నా అభిప్రాయం. ఇక చీర కట్టుకునే రోజున, గుడికి వెళ్ళే రోజున, పిల్లలతో పుట్టినరోజు పండుగలకు వెళ్ళే రోజున అది ఇంట్లో సేఫ్‌లోనే ఉంటుంది.

ఇంకొకటి. టెక్సాస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లలకు తూటాలు నింపిన తుపాకీ అందేటట్టు నిర్లక్ష్యంగా వదిలితే అది నేరం. దానివల్ల ఎవరైనా చనిపోయినా తీవ్రంగా గాయపడినా శిక్ష ఇంకా పెరుగుతుంది. రెస్ట్‌రూమ్‌లో వదిలినది ఎవరి పిల్లవాడికి దొరుకుతుందో మనం ఎంచుకోలేం.

విశ్రాంత_గన్‌మన్:

బాబూ, నేను ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా పదవీ విరమణ చేసినవాడిని. 11 సంవత్సరాలు ప్రజాప్రతినిధుల దగ్గర గన్‌మన్‌గా ఉన్నాను. ఇప్పుడు ఫ్రిస్కోలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను, వాడే ఇది చదివి వినిపించాడు. ఇక్కడి చట్టాలు నాకు తెలియవు, ఆయుధంతో మరుగుదొడ్డికి వెళ్ళడం మాత్రం తెలుసు.

మాకు బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే ఆయుధాలు భద్రపరిచే గదిలో, నంబరు రాసి, తూటాలు లెక్కపెట్టి, సంతకం తీసుకుని ఆయుధం ఇచ్చేవారు. యూనిఫారంలో ఉంటే పిస్తోలు పిడికి ల్యాన్‌యార్డ్ ఉంటుంది. ఆ తాడు రెండో కొస మన ఒంటికే ఉంటుంది గనుక ఆయుధం జారినా నేలమీద పడదు, మరచిపోయి లేచినా తాడు లాగి గుర్తుచేస్తుంది. గన్‌మన్ డ్యూటీలో సఫారీ బట్టలు వేసుకునేవాళ్ళం, అప్పుడు తాడు పైకి కనిపించకూడదని చాలామంది తీసేసేవారు. నేను తీయలేదు. చొక్కా లోపలినుంచి బెల్టుకు ముడివేసుకునేవాడిని. ఆయుధాన్ని పక్కనున్న గన్‌మన్‌కు ఇచ్చి వెళ్ళే అలవాటు కూడా నాకు లేదు, అది నా పేరుమీద ఇచ్చినది. ఇచ్చేటప్పుడు ఒకసారి, తీసుకునేటప్పుడు ఒకసారి చేతులు మారుతుంది, ఆ రెండుసార్లలోనే పొరపాట్లు జరుగుతాయి.

మా ఊళ్ళలో గొంతు కూర్చునే దొడ్లు గదా, అక్కడ జారితే నేలమీద కాదు, గుంతలోకే పోతుంది. అందుకని లోపలికి వెళ్ళగానే ముందు బెల్టును నడుము చుట్టూ తిప్పి, పక్కనున్న హోల్‌స్టర్‌ను పొట్టమీదికి తెచ్చుకునేవాడిని. కూర్చుంటే అది తొడలకూ పొట్టకూ మధ్య ఒదిగి ఉంటుంది, కళ్ళముందే ఉంటుంది.

ఒకసారి పర్యటనలో ఒక అతిథిగృహంలో దిగాము. నా తోటి గన్‌మన్ స్నానానికి వెళ్ళి, హోల్‌స్టర్‌ను ఫ్లష్ ట్యాంకు మీద పెట్టి, అయ్యగారు బయలుదేరారని కేక వినగానే తడి ఒంటిమీదనే బట్టలు తొడుక్కుని పరుగెత్తుకొచ్చి జీపు ఎక్కాడు. 20 కిలోమీటర్లు వెళ్ళాక నడుము తడుముకున్నాడు. అతని ముఖం నాకు ఇంకా గుర్తుంది. తిరిగి వెళ్ళేసరికి అక్కడి వాచ్‌మన్ ఆ గదికి బయటినుంచి గడియ పెట్టి, తలుపు ముందే స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎవరినీ లోపలికి వెళ్ళనివ్వలేదు, తానూ ముట్టుకోలేదు. అతను మంచివాడు గనుక మావాడి ఉద్యోగం నిలిచింది. మనిషి తొందరలో ఉన్నప్పుడే మరచిపోతాడు బాబూ. గడియ తీసేముందు మోచేత్తో ఆయుధాన్ని ఒకసారి ఒత్తి చూసుకోవడం నేను ఆ రోజే అలవాటు చేసుకున్నాను. పదవీ విరమణ చేసి ఇన్నేళ్ళయినా, మా అబ్బాయి ఇంట్లో బాత్రూమ్ గడియ తీసేముందు నా మోచెయ్యి ఇప్పటికీ నడుముకు తగులుతుంది.

గోదారి_డాలస్:

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. గుడ్డ హోల్‌స్టర్ పారేశాను. గట్టిది తెప్పించి, తూటాలు వేరే గదిలో పెట్టి, ఖాళీ పిస్తోలుతో మా ఇంటి బాత్రూమ్‌లోనే ఈ వారమంతా రోజూ పదేసిసార్లు అభ్యాసం చేశాను. బకిల్ వదలడానికి ముందే హోల్‌స్టర్ పట్టుకోవడం మూడో రోజుకు గాని చేతికి రాలేదు. మొదటి రెండు రోజులూ చెయ్యి ముందు బకిల్ దగ్గరికే వెళ్ళేది. మేనల్లుడిని కూర్చోబెట్టి వీసా సంగతి చెప్పి, నేనే కాదు, ఎవరు పట్టుకోమన్నా పట్టుకోవద్దని, పెద్దవాళ్ళన్న మొహమాటం పెట్టుకోవద్దని మాట తీసుకున్నాను. కారులో పెట్టె బిగించాను, తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను.

నిన్న మళ్ళీ హ్యూస్టన్ వెళ్ళవలసి వచ్చి అదే రెస్ట్ ఏరియాలో ఆగాను. గోడవైపు చివరి గది ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాను. అంతా శిక్షకుడు గారు చెప్పినట్టే జరిగింది, గడియ తీసేముందు మోచెయ్యి కూడా తగిలించి చూసుకున్నాను. గన్‌మన్ గారూ, ఫ్రిస్కో మాకు దగ్గరే. ఇక్కడ దొరికే చిన్న పిస్తోళ్ళలో చాలావాటికి తాడు కట్టే కన్నం ఉండడం లేదు. మీరు ఒక ఆదివారం భోజనానికి వస్తే, చొక్కా లోపల ఆ ముడి ఎలా వేసేవారో చూపించగలరా?